ఊటీ లేక్, కొడైకెనాల్ లేక్: ఏది మేలు?

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, ‘ఊటీకి పోదామా, కొడైకెనాల్‌కా’ అని అడిగేవాళ్లు మొదలవుతారు. టీ తోటలు, హోటల్ రేట్లు, చలి సంగతి అందరికీ తెలిసినవే. అందుకే లేక్ ఒక్కదాన్నే పట్టుకుని చెబుతాను. రెండు ఊళ్లలోనూ సాయంత్రం అయ్యేసరికి అందరూ చేరేది అక్కడికే.

రెండూ తెల్లదొరలు నీళ్లకు అడ్డుకట్ట వేయించి నిలిపినవే. ఊటీది 1820లలో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ పని. కొడైది 1863లో, మదురై కలెక్టర్‌గా చేసిన లెవింజ్ చలవ. తేడా వచ్చింది ఆ తర్వాతే. ఊటీలో ఊరు పెరిగేకొద్దీ లేక్‌ను పూడ్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు మీరు దిగే బస్టాండ్, ఆ పక్కన గుర్రప్పందేల మైదానం ఒకప్పుడు నీళ్లే! మిగిలిన నీళ్ల ఒడ్డున బోట్ హౌస్, మోటారు బోట్లు, పిల్లల రైలు, వాటన్నిటికీ టికెట్లు. ఊరి మురుగు కూడా కాలువ వెంట వచ్చి అందులోనే కలుస్తుంది.

కొడైలో నక్షత్రం ఆకారంలో ఉన్న లేక్ చుట్టూ దాదాపు 5 కిలోమీటర్ల రోడ్డు ఉంది. నా లెక్కలో తేల్చేది ఈ రోడ్డే. బోటు ఎక్కకపోయినా లేక్ మీ సొంతమే. పిల్లలు అద్దె సైకిళ్ల మీద చుట్టూ తిరుగుతారు, పెద్దవాళ్లు ఓపిక ఉన్నంత దూరం నడిచి, వేడి మొక్కజొన్న కంకి కొనుక్కుని కూర్చుంటారు. పొద్దున్నే వెళ్తే మంచు నీళ్ల మీదే ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ రోడ్డు నిండా కార్లు, హారన్లు, అది వేరే తలనొప్పి. అలాగని కొడై మరీ కడిగిన ముత్యమేమీ కాదు. 2001లో మూతపడిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం జాడలు ఈ లేక్‌లోనూ దొరికాయి.

బాగా చిన్నపిల్లలుంటే ఊటీయే సులువు. మేట్టుపాళయం నుంచి కొండ రైలు ఒక్కటి చాలు వాళ్లకి. కొడైకి రైల్లో వెళ్తే కొడై రోడ్ స్టేషన్‌లో దిగాక ఇంకో 80 కిలోమీటర్లు, అందులో చాలావరకు ఘాట్ రోడ్డే. వాంతుల టెన్షన్ ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

సేలం దగ్గరి కొండ ఊరు ఏర్కాడులోనూ ఒక లేక్ ఉంది కానీ, అది చిన్నది. సేలం మీదుగా పోతుంటే ఒక పూట ఆగొచ్చు, అంతే.

మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడై రెండింటికీ ఈ-పాస్ పెట్టారు. సొంత కారైనా టాక్సీ అయినా బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి.