స్నోమొబైల్ బెల్లీ ప్యాన్‌లో ఆయిల్ ఒలికిందా? తెల్ల షీట్లు, సింపుల్ గ్రీన్, బ్రేక్ క్లీనర్: ఏది ఎంతవరకు పనికొస్తుంది

మంచు మీద నడిచే బండి స్నోమొబైల్. టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉన్న స్నోమొబైల్ ఆయిల్ ట్యాంకులో చాలా మోడళ్లలో మూడు లీటర్ల దాకా పడుతుంది. పోసేటప్పుడు గరాటా జారినా, ట్యాంకు కింది గొట్టం ఊడినా ఆ ఆయిల్ చాలావరకు నేల మీదికి రాదు. ఇంజిన్ అడుగున తొట్టిలా ఉండే బెల్లీ ప్యాన్‌లో చేరి అక్కడే నిలబడుతుంది. బయటికి పెద్దగా కారదు కాబట్టి చాలామంది పైపైన తుడిచి ఊరుకుంటారు. అది ప్రమాదం. ఒక పక్క కాలే ఎగ్జాస్ట్ పైపు, మరో పక్క బెల్టూ క్లచ్చులూ ఉన్న చోటది. మళ్లీ స్టార్ట్ చేసేలోపే శుభ్రం కావాలి.

ఈ పనికి ముందుగా కొనాల్సింది క్లీనర్ కాదు, ఆయిల్ పీల్చే తెల్ల షీట్లు. పాలీప్రొపిలీన్‌తో చేసిన ఈ షీట్లు 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవుతో కట్టలుగా దొరుకుతాయి. వీటి గొప్పతనం ఏమిటంటే నూనెను పీలుస్తాయి, నీటిని ముట్టుకోవు. కరిగిన మంచు నీళ్లతో కలిసిపోయిన ఆయిల్‌లో వేసినా ఆయిల్‌నే పట్టుకుంటాయి. పాత బనియన్ గుడ్డలైతే రెండింటితోనూ తడిసి, జిడ్డును ప్యాన్ అంతా పులుముతాయి. షీటును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, పొడవాటి పట్టకారుతో మోటార్ మౌంట్ల (ఇంజిన్‌ను పట్టి ఉంచే దిమ్మెల) కిందికి తోయాలి. రుద్దకుండా ఓ పావుగంట వదిలేస్తే అదే పీల్చుకుంటుంది. లోతుగా నిలిచి ఉంటే ముందు పెద్ద సిరంజితో లాగేయండి, షీట్లు ఆదా అవుతాయి. ఐదుకి ఐదు మార్కులు.

కానీ ఒలికింది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) అయితే ఇవే షీట్లు దండగ. కూలెంట్‌లో ఉండేది గ్లైకాల్, నీళ్లు. తెల్ల షీటు దాన్ని తాకనే తాకదు. దానికి అన్ని ద్రవాలనూ పీల్చే బూడిదరంగు షీట్లు కావాలి. కాబట్టి ముందు ఒలికిందేమిటో తేల్చుకోండి. జిగురుగా, జారుడుగా ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. గంధకం కంపు కొడితే చైన్‌కేసు (ట్రాక్‌ను తిప్పే చైన్ ఉండే పెట్టె) ఆయిల్. ఎథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉండడంతో కుక్కలు నాకుతాయి. గరాజులో పెంపుడు జంతువు తిరుగుతుంటే పని ముగిసేదాకా లోపలికి రానివ్వకండి. పెట్రోలు వాసన వస్తే షాప్ వ్యాక్యూమ్ జోలికి పోవద్దు. దాని మోటారులో లేచే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.

షీట్లు పీల్చాక మిగిలే జిడ్డు పొరకే సింపుల్ గ్రీన్ అనే, నీళ్లలో కలిపి వాడే క్లీనర్. ఒక వంతు క్లీనర్‌కు పది వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపితే మామూలు పొర వదులుతుంది. బెల్టు దుమ్ము కలిసి నల్లగా గడ్డకట్టిన మడ్డికి సగం సగం కలపాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి, బ్యాటరీ ఉంటే నెగటివ్ వైరు తీసేయాలి, ఎయిర్‌బాక్స్ (ఇంజిన్‌కు గాలి వెళ్లే పెట్టె) నోటికీ కనెక్టర్లకూ ప్లాస్టిక్ సంచులు కట్టాలి. ప్లాస్టిక్ ప్యాన్ మీద దీనితో భయం లేదు. అల్యూమినియం టన్నెల్ (ట్రాక్‌ను పైన కప్పే తొడుగు), చైన్‌కేసు మీద మాత్రం ఎక్కువసేపు నాననివ్వకూడదు, మచ్చలు పడతాయి. తయారీదారులే విమానాల లోహానికి వేరే రకం అమ్ముతున్నది ఇందుకే. చల్లి, బ్రష్‌తో రుద్ది, రెండు మూడు నిమిషాల్లో కడిగేయండి. గడ్డకట్టే చలిలో ఆరుబయట దీనితో పని జరగదు, వెచ్చటి గరాజు కావాలి. నాలుగు మార్కులు.

జిడ్డును కరిగించే స్ప్రే అయిన బ్రేక్ క్లీనర్‌ను చాలామంది మొదటే చేతిలోకి తీసుకుంటారు. దాని పని క్లచ్ పలకల మీద, బ్రేక్ డిస్కు మీద మాత్రమే. అక్కడ దానికి సాటి లేదు. మరక మిగల్చకుండా క్షణాల్లో ఆరిపోతుంది. బెల్లీ ప్యాన్‌లో చల్లితే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, స్టిక్కర్లు లేస్తాయి, ఆయిల్ పలచబడి ఇంకా లోపలి సందుల్లోకి పారుతుంది. క్లోరిన్ లేని రకం సులువుగా అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న రకం ఆవిరి వేడి లోహానికి తగిలితే విషవాయువు పుట్టొచ్చు. తలుపు తెరిచి, గుడ్డ మీద చల్లి తుడవండి. ఆ రెండు చోట్లకే అయితే నాలుగు, ప్యాన్‌కైతే సున్నా.

పిల్లులకు వాడే మట్టి గుళికలు నేల మీద బాగానే పనిచేస్తాయి. ప్యాన్‌లో పోస్తే డ్రెయిన్ రంధ్రాలు పూడుకుపోతాయి, దుమ్ము క్లచ్చుల్లో చేరుతుంది. ప్రెషర్ వాషర్ బేరింగుల్లోని గ్రీజును తోసి నీటిని దింపుతుంది.

ఏ క్లీనరూ బాగుచేయలేనిది ఫోమ్. ప్యాన్‌లో శబ్దం తగ్గించడానికి అంటించిన స్పాంజి ఆయిల్ పీల్చిందంటే, పైన ఎంత కడిగినా ఎగ్జాస్ట్ వేడికి మళ్లీ ఊరుతుంది. నిప్పు పట్టే అవకాశమూ అక్కడే ఎక్కువ. పీకి కొత్తది వేయడమే దారి. బెల్టుకు కొద్దిగా తగిలితే వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టొచ్చు. ఆయిల్‌లో నానిపోతే మార్చేయండి, జారుతూనే ఉంటుంది. నానిన బ్రేక్ ప్యాడ్లదీ అదే దారి.

కడిగిన నీళ్లను వీధి కాలువలోకి వదలకుండా బకెట్‌లో పట్టి, వాడిన షీట్లతో పాటు మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. కడిగాక ఫ్యాన్ పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. థ్రాటిల్ కేబుల్లో నీటిబొట్టు మిగిలి బయటి చలికి గడ్డకడితే థ్రాటిల్ తెరుచుకున్న చోటే ఇరుక్కుపోతుంది. స్టార్ట్ చేయకముందు లివర్‌ను పదిసార్లు నొక్కి వదిలి, టప్పున వెనక్కి వస్తోందో లేదో చూడండి.

మొదటి రైడ్ తర్వాత ఇంజిన్ చల్లారాక ఒక తెల్ల షీటు ప్యాన్‌లో పరిచి తెల్లారి చూడండి. మచ్చ పడితే గొట్టం బిగింపు ఇంకా వదులుగానే ఉండొచ్చు. ఆ షీటు తీయకుండా మాత్రం తాళం తిప్పొద్దు.