కాడ ఉన్న గ్లాసా, కాడ లేనిదా?

ఇంట్లో వైన్ తాగడానికి కాడ గ్లాసు కావాలా, కాడ లేని పొట్టి గ్లాసు చాలా? తెల్ల వైన్ అయితే నా ఓటు కాడకే. 8–12 డిగ్రీల చల్లదనంలో రుచించే ఆ వైన్, గ్లాసు పొట్టను అరచేత్తో పట్టుకుంటే చూస్తుండగానే వేడెక్కుతుంది. పైగా వేలిముద్రలు పడి రంగు మసకబారుతుంది. 16–18 డిగ్రీల దగ్గర బాగుండే ఎర్ర వైన్‌కు ఆ బెంగ తక్కువ. కాడ లేనిది సులువుగా ఒరగదు, అల్మారాలో ఇముడుతుంది, తోమేటప్పుడు కాడ విరుగుతుందన్న భయమూ ఉండదు.

ఏది కొన్నా అంచు పలుచగా, మూతి పొట్ట కంటే సన్నగా ఉండాలి. వాసనను పట్టి ఉంచేది ఆ మూతే. మందపాటి అంచున్న గ్లాసు ఎంత అందంగా ఉన్నా నాకొద్దు. ఒక్క రకమే కొంటానంటే 450 మిల్లీలీటర్ల కాడ గ్లాసు తీసుకోండి. 150 పోసినా గిర్రున తిప్పడానికి చోటు మిగులుతుంది.