మూడేళ్లుగా మా గుర్రం ఉంటున్న లాయం, మొయినాబాద్ రోడ్డు

మల్లి ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తిన థరోబ్రెడ్ జాతి గుర్రం. రేసులు మానిపించాక మేం తీసుకున్నాం. మాది అత్తాపూర్‌లో అపార్ట్‌మెంట్ కాబట్టి దాన్ని ఏదో ఒక లాయంలో ఉంచక తప్పదు. మొదటి ఏడాది చేవెళ్ల దాటాక ఒక ఫామ్‌లో పెట్టాం. నెలకు 14 వేలు. స్థలం పెద్దది, గాలి బాగుంటుంది. ఆదివారం ఆదివారం వెళ్లి చూసొచ్చేవాళ్లం. తప్పు అక్కడే జరిగింది.

ఓ రాత్రి 11 దాటాక సైసు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, ఫోన్ చేశాడు. "సార్, మల్లి ఊకె పడుకుంటుంది, లేస్తుంది. పొద్దట్నుంచి లద్దె వెయ్యలే" అన్నాడు. మేం చేరేసరికి గంటంబావు పట్టింది. ముందు కాలితో నేల తవ్వుతోంది, తల తిప్పి తన కడుపు వైపే చూసుకుంటోంది, మెడంతా చెమట. గుర్రాలు వాంతి చేసుకోలేవు. అందుకే మనకు మామూలుగా అనిపించే కడుపునొప్పి దానికి ప్రాణాల మీదికి వస్తుంది. డాక్టరుగారు ముక్కులోంచి గొట్టం వేసి లిక్విడ్ పారాఫిన్ పట్టించారు. తెల్లవారుజామున 5 గంటలకు అది నాలుగు ఉండలు లద్దె వేస్తే మా ఆవిడ ఏడ్చేసింది. ఎండుగడ్డి అయిపోయిందని నాలుగు రోజులుగా వరిగడ్డి వేస్తున్నారని అప్పుడు తెలిసింది. మేత ఉన్నట్టుండి మార్చకూడదు. మార్చినా మాకు ఒక్క మాట చెప్పాల్సింది.

ఆ నెలలోనే ఇంటికి దగ్గర్లో వెతికాం. ఐదు లాయాలు చూశాం, అన్నీ చెప్పకుండా వెళ్లే. ఒకచోట కొట్టంలోకి అడుగుపెట్టగానే మూత్రం ఘాటుకు కళ్లు మండాయి. ఇంకోచోట పచ్చగడ్డి ఎక్కడిదని అడిగితే మూసీ ఒడ్డుదన్నారు. మురుగునీళ్లతో పెరిగిన గడ్డి నా గుర్రానికి పెట్టను.

చివరికి కుదిరింది అప్పా జంక్షన్ దాటాక ఉన్న ఈ లాయం. ఇంటి నుంచి బైక్ మీద 25 నిమిషాలు, నెలకు 22 వేలు. 8 వేలు ఎక్కువే, కానీ నేను ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వెళ్తున్నాను, వేళాపాళా లేకుండా. గడ్డి తూకం వేసి పెడతారు. మల్లి బరువు 450 కిలోలు, రోజుకు 8 కిలోల ఎండుగడ్డి పడుతుంది. ఉడికించిన ఉలవలు, తవుడు వేరే. సైసు రాత్రి అక్కడే పడుకుంటాడు. ఆరు వారాలకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్టలు చెక్కి లాడాలు మారుస్తాడు. ఇప్పుడు నా బండి చప్పుడు వింటే చాలు, మల్లి సకిలిస్తుంది. వారానికోసారి వెళ్లిన రోజుల్లో ఒక్కసారీ అలా పిలవలేదు.

లోపాలూ ఉన్నాయి. వానాకాలంలో గుర్రాలను వదిలే ఆవరణంతా బురద. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది మల్లి గిట్ట అడుగున మెత్తని భాగం నల్లబడి కుళ్లు వాసన వచ్చింది. రోజూ శుభ్రం చేసి ఆరబెడితే గానీ తగ్గలేదు. నేను వెంటపడితే ఒక మూల ఇసుక పోయించారు, అది సగం కూడా చాలదు. చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లు ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్‌లో బాణసంచా పేలిన రాత్రుళ్లు ఇంట్లో నాకు టెన్షన్. ఆ రాత్రుళ్లు సైసు దాని పక్కనే నిలబడి మెడ నిమురుతాడు, అందుకు అతనికి రుణపడి ఉన్నాను.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది పోయిన ఏడాది సంగతి. ముక్కు కారుతున్న కొత్త గుర్రాన్ని తెచ్చి నేరుగా మల్లి పక్క కొట్టంలో కట్టేశారు. పది రోజుల్లో నాలుగు గుర్రాలకు దగ్గు పట్టుకుంది. గట్టిగా గొడవపడ్డాను. ఇప్పుడు గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగం పరీక్ష కాగితం చూశాకే కొత్త గుర్రాన్ని లోపలికి రానిస్తున్నారు, రెండు వారాలు విడిగా ఉంచుతున్నారు. కానీ ఆ విడి కొట్టం అన్ని గుర్రాలూ నీళ్లు తాగే తొట్టి పక్కనే ఉంది. దాన్ని అక్కణ్ణుంచి మార్చమని వెళ్లినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.