మధ్యాహ్నం తాళం వేసే పార్కు

మా జిల్లా కేంద్రంలో పాత బస్టాండు వెనుక ఉన్న మునిసిపల్ పార్కును బాగు చేసి, ఏడాది క్రితం మళ్లీ తెరిచారు. అంతకు ముందు పదకొండేళ్లు, ఆ తరువాత ఈ ఏడాది, ఊళ్లో ఉన్న ప్రతి రోజూ అక్కడే నడుస్తున్నాను కనుక దాని మంచిచెడ్డలు రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటాను. విస్తీర్ణం సుమారు రెండున్నర ఎకరాలు. ప్రవేశ రుసుము లేదు. వేళలు ఉదయం 5 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు. ఈ వేళల గురించే ఎక్కువగా రాయవలసి ఉంది, కాని బాగున్నవాటిని ముందు చెప్పడం న్యాయం.

అన్నిటికంటే బాగా కుదిరింది నడక దారి. మా వైపు పార్కుల్లో నడక దారి అంటే సిమెంటు పేవర్ బ్లాకులు పరచడమే అన్న అలవాటు స్థిరపడింది. ఇక్కడ కూడా గోడ పక్కన బ్లాకుల దారి వేశారు గాని, లోపలి వరుసలో ఉన్న పాత మట్టి దారిని తీసివేయకుండా, మొరం పోసి చదును చేసి, రెండు పక్కలా నీరు జారిపోయేలా వాలు ఇచ్చారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలందరూ ఆ మట్టి దారినే ఎంచుకుంటున్నారన్నది ఎవరైనా ఒక ఉదయం నిలబడి చూస్తే తెలిసిపోతుంది. పోయిన వానాకాలంలో ఒక్క రోజు కూడా అక్కడ నీరు నిలవలేదు. రెండవ మంచి పని, నడుమనున్న పాత వేపచెట్టును, దాని పక్కనున్న రెండు కానుగలను కొట్టకుండా వదిలి, వేప చుట్టూ అరుగు కట్టడం. కూర్చున్నవారు చేతుల ఊత లేకుండా లేవగలిగే ఎత్తులో ఆ అరుగు ఉంది. కట్టించినవారు ఎవరో, ఇంట్లో ముసలివారిని చూసుకున్న మనిషై ఉండాలి.

పిల్లల ఆటస్థలం విషయంలో మాత్రం ఆ శ్రద్ధ కనిపించదు. రేకు జారుడుబల్లను పడమటి ఎండకు ఎదురుగా, ఏ చెట్టు నీడా చేరని చోట నిలబెట్టారు. ఏప్రిల్‌లో సాయంత్రం అయిదు గంటలకు కూడా పిల్లలు దానిపై కూర్చోలేక, దిగువ నుంచి పైకి పరుగెత్తే ఆటగా మార్చుకున్నారు. ఓపెన్ జిమ్ పరికరాల్లో రెండింటి బేరింగులు అప్పుడే అరిగిపోయి కీచుమంటున్నాయి. అయినా ఉదయం ఆరు గంటలకు చుట్టుపక్కల వీధుల ఆడవారు గుంపుగా వచ్చి వాటిపై వ్యాయామం చేస్తున్నారు. పునర్నిర్మాణానికి ముందు ఈ పార్కులో ఆడవారు ఒంటరిగా నడవడం నేను అరుదుగా చూశాను. దానికి కారణం జిమ్ కాదని, రోడ్డు వైపు ఎత్తైన గోడను కూల్చి ఇనుప గ్రిల్ పెట్టడమేనని నా అభిప్రాయం. బయటి నుంచి లోపలికి చూపు పోయే చోట మనుషులు ధైర్యంగా తిరుగుతారు.

ఇక తాళం సంగతి. తొమ్మిది దాటగానే వాచ్‌మన్ ఈల వేసి అందరినీ బయటికి పంపుతాడు. అక్కడి నుంచి ఏడు గంటలపాటు ఆ రెండున్నర ఎకరాల నీడ ఎవరికీ అందదు. ఈ సమయంలో పార్కు అవసరం ఉన్నవారెవరో గేటు బయటే కనిపిస్తారు: పల్లెల నుంచి ఆసుపత్రికి వచ్చి తిరుగు బస్సు కోసం కాచుకునేవారు, సద్ది విప్పుకోవడానికి చోటు వెతుక్కునే అడ్డా కూలీలు, ఇరుకు గదుల్లో అద్దెకుంటూ గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునే అభ్యర్థులు. నడకకు వచ్చే మాలాంటివారికి ఇళ్లలో ఫ్యాన్లు, ఏసీలు ఉన్నాయి. మాకు పార్కు ఆరోగ్యం కోసం. మిట్టమధ్యాహ్నం వచ్చేవారికి అది నిలువ నీడ. పార్కు వేళలను మాత్రం పూర్తిగా మా సౌకర్యానికి తగినట్లే నిర్ణయించారు.

తాళానికి చెప్పే కారణం తెలిసినదే: పగటిపూట తెరిచి ఉంచితే తాగుబోతులు చేరతారు, జంటలు వస్తాయి, చూసుకోవడానికి ఒకే ఒక్క వాచ్‌మన్ ఉన్నాడు. ఇందులో నిజం లేకపోలేదు. కాని తాగేవారు చేరేది బస్టాండు వైపు మూలలో, అంటే ఆరడుగుల పాత గోడను ఇంకా కూల్చని చోట. అటువైపు కూడా గ్రిల్ పెట్టి, మూసివేసిన చిన్న గేటును తెరిస్తే, బస్సు కోసం వేచి ఉండే వందలాది మంది చూపే ఆ మూలకు కాపలా అవుతుంది. గ్రిల్‌కు అయ్యే ఖర్చు ప్రవేశ ద్వారం దగ్గర కట్టిన తోరణానికీ, నాలుగు నెలలుగా ఎండిపోయి ఉన్న ఫౌంటెన్‌కూ అయిన ఖర్చును మించదని అనుకుంటాను.

అసలు చిక్కు వేరే చోట ఉంది. పట్టణ సౌకర్యాల కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన అమృత్ వంటి పథకాల్లో పార్కుల కోసం ప్రత్యేకంగా కొంత వాటా కేటాయించారు. అలాంటి సొమ్ముతో కట్టవచ్చు, రంగులు వేయవచ్చు, శిలాఫలకం పెట్టవచ్చు. ప్రతి నెలా తోటమాలికి, రెండో వాచ్‌మన్‌కు ఇవ్వవలసిన జీతం మాత్రం పురపాలక సంఘం తన రోజువారీ రాబడిలోంచే వెతుక్కోవాలి. తెలంగాణ పురపాలక చట్టం 2019 బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని చెబుతోంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా నిర్దేశిస్తోంది. మొక్కను లెక్కపెట్టే ఏర్పాటు ఇలా చట్టంలోనే ఉన్నప్పుడు, పార్కు రోజుకు ఎన్ని గంటలు తెరిచి ఉందో లెక్కపెట్టడం అంత కష్టమేమీ కాదు.

ఆ లెక్క కోసమే కాబోలు, ఉత్తరపు గోడ పొడవునా కోనోకార్పస్ అనే విదేశీ అలంకార చెట్లు పెట్టారు. త్వరగా పెరుగుతుంది, కత్తిరిస్తే పచ్చని గోడలా నిలుస్తుంది, కనుక మొక్కల లెక్క తప్పదు. దాని పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులు వస్తాయన్న ఆందోళనతో తెలంగాణలోను, 2023లో గుజరాత్‌లోను దీన్ని నాటవద్దని ఆదేశాలు వెలువడ్డాయి. ఆ వాదనను పక్కన పెట్టినా, కత్తెర వేసిన ఆ వరుస కింద ఒక మనిషి కూడా కూర్చోలేడు. అదే వరుసలో కానుగో, పొగడో, నేరేడో పెట్టి ఉంటే కొన్నేళ్లకు జారుడుబల్లకు కూడా నీడ అందేది.

మరుగుదొడ్లు ఉన్నాయి, శుభ్రంగానే ఉన్నాయి, ఎందుకంటే ఆడవారి వైపు తలుపుకు ఎప్పుడూ తాళమే. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ అవతలి గేటు దగ్గర. తాగునీటి కుళాయి ఉంది గాని బోరు మోటారు వేసినప్పుడే వస్తుంది. ప్రధాన గేటు వద్ద పశువులు, మోటారు సైకిళ్లు రాకుండా వంకరటింకరగా పాతిన ఇనుప కమ్ముల వల్ల చక్రాల కుర్చీ కూడా లోపలికి రాలేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చిందని గుర్తు చేయడం ఇక్కడ అనవసరం కాదు. లోపల ర్యాంపు చక్కగా కట్టారు, దానిదాకా చేరే దారి మాత్రం లేదు.

ఇంకొక భయం కూడా రాయాలి. తూర్పు మూలలో ఏదో కార్యాలయ భవనం కోసమని పునాది గుంతలు తీసి వదిలేశారు. మన ఊళ్లలో ఖాళీగా కనిపించే స్థలం మీద అందరి కన్నూ పడుతుంది. బెంగళూరులో పార్కు కోసం విడిచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో తీర్పు చెప్పింది. ఇక్కడ వచ్చేది ఆసుపత్రి కాదు, ప్రభుత్వ కట్టడమే కావచ్చు, కాని పోయే చోటు మళ్లీ రాదు.

అయిదు మార్కులకు లెక్క వేస్తే, ఉదయం నడిచేవారి తరఫున నాలుగు ఇస్తాను. సాయంత్రం పిల్లలతో వచ్చేవారి తరఫున రెండున్నర. మధ్యాహ్నపు పార్కుకు మార్కులు వేసే అవకాశమే నాకు రాలేదు. ప్రస్తుతానికి వెళ్లదలచినవారు ఉదయం ఆరులోపు చేరుకుంటే మట్టి దారి ఖాళీగా దొరుకుతుంది. నీళ్ల సీసా వెంట ఉండాలి. పిల్లలను వేసవిలో ఆరున్నర తరువాతే తీసుకువెళ్లడం మేలు. చక్రాల కుర్చీలో వచ్చేవారు చెత్తబండి కోసం తెరిచే వెనుక గేటు దగ్గర అడగాలి, ఉదయం ఏడు గంటల ప్రాంతంలో అది కొద్దిసేపు తెరిచి ఉంటుంది.