మూడు అరటి పంటల్లో వ్యామ్ వాడి చూశాక

మొదటి పంటకి వ్యామ్ (వేళ్లతో కలిసి బతికే మేలు చేసే శిలీంధ్రం) పొడి వేసి డబ్బులు మట్టిపాలు చేసుకున్నాను. టిష్యూ కల్చర్ మొక్కలు నాటేటప్పుడు గుంతలో కాస్త చల్లి, ఎందుకైనా మంచిదని దాని మీదే డీఏపీ కూడా వేశాను. పొడి వేసిన చెట్టుకీ వేయని చెట్టుకీ ఎంత వెతికినా తేడా దొరకలేదు.

ఆ రెండూ ఒకచోట పొసగవని తర్వాత తెలిసింది. ఈ శిలీంధ్రం వేరు లోపల కాపురం పెట్టి, మట్టిలోకి సన్నటి పోగులు చాపి, వేరుకి అందని భాస్వరాన్ని తెచ్చిస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర పెట్టి పోషిస్తుంది. డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది కదా, ఆ 46 భాస్వరం లెక్కే. వేరు పక్కనే అంత దొరుకుతుంటే చెట్టు దీన్ని ఎందుకు మేపుతుంది? లోపలికి పెద్దగా రానివ్వదు.

రెండో పంటకి ముందు భూసార పరీక్ష చేయిస్తే భాస్వరం ఎక్కువే ఉందని వచ్చింది. డీఏపీ ఆపేశాను. అరటి ఎక్కువగా లాగేది పొటాష్, భాస్వరం దానికి చాలా తక్కువ చాలు. పొడిని ఈసారి నర్సరీ సంచిలోనే, వేళ్లకి తగిలేలా వేశాను. నెలన్నర తర్వాత సంచి చింపితే మట్టి వేళ్లను పట్టుకుని గడ్డగా బయటికొచ్చింది. వేయని సంచిలో సగం మట్టి జలజలా రాలిపోయింది. శిలీంధ్రం మాత్రం కంటికి కనబడదు, వేరుకి రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

అన్నట్టు, డీఏపీ దట్టించిన ఏడాది కొత్త ఆకులు సన్నబడి, పాలిపోయిన చారలతో వచ్చేవి. తెగులేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే జింక్ లోపం. భాస్వరం మరీ ఎక్కువైతే జింక్ అందదట. రెండో పంటలో ఆ చారలు దాదాపు లేవు.

గెల బరువు అమాంతం పెరిగిందని మాత్రం చెప్పను. కొంచెం పెరిగింది, అది వ్యామ్ వల్లో నీళ్లు బాగా అందడం వల్లో విడదీసి చెప్పలేను. నాకు ఆదా అయింది ఎరువు ఖర్చు. పొడితో ఇబ్బంది ఏమిటంటే, అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు. ఎండ తగిలే చోట మరిచిపోయిన ప్యాకెట్ ఒకటి వేస్తే ఏ ఫలితమూ లేదు. మొదళ్లలో శిలీంధ్రనాశిని పోసే పని ఉంటే దీని మీద ఆశ పెట్టుకోవద్దు. భాస్వరం నిజంగా తక్కువున్న నేలైతే కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్ వేయాల్సిందే, లేనిదాన్ని శిలీంధ్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇప్పుడు నడుస్తున్నది పిలక పంట. దున్నలేదు, పొడీ కొనలేదు. తల్లి వేళ్ల దగ్గరున్న పోగులే పిలక వేళ్లనీ అందుకుంటాయి.