జాగ్రత్త: 300 రూపాయల ‘ఆఫ్‌లైన్ యాక్టివేషన్’ గేములు, పూర్తి ధర కట్టినా వదలని తాళాలు

పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మూడు నాలుగు వేలున్న గేమ్‌ని ఫోన్‌లో ఎవరో 300కే ఇస్తామంటారు. “పైరసీ కాదన్నా, ఒరిజినలే, ఆఫ్‌లైన్ యాక్టివేషన్” అంటారు. తిరుపతి హాస్టళ్లలో ఉండే పిల్లోళ్లయినా, చిత్తూరులో కొత్తగా పీసీ కట్టించుకున్నోళ్లయినా ఆ 300 పంపే ముందు దీని లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి.

అమ్మేవాడి దగ్గర ఉండేది ఒకే ఒక్క స్టీమ్ అకౌంట్. అందులో గేమ్ ఒకసారి కొని ఉంటాడు. మీకు ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అవమంటాడు. గేమ్ దించుకుని, నెట్ ఉండగా ఒక్కసారి తెరిచి, ఆ తర్వాత స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టేయమంటాడు. ఆ ఒక్కసారి తెరిచినప్పుడు డెనూవో అనే కాపీ రక్షణ (గేమ్‌ని నకలు కొట్టకుండా వేసే తాళం) మీ కంప్యూటర్ వివరాలు తీసుకుని తన సర్వర్‌కి పంపుతుంది, ఆ కంప్యూటర్‌కి మాత్రమే పనికొచ్చే ఒక టోకెన్ (అనుమతి చీటీ లాంటిది) ఇస్తుంది. ఆ టోకెన్ ఉన్నంతకాలం గేమ్ నెట్ లేకుండా నడుస్తుంది. మీరు కొన్నది గేమ్ కాదు, ఆ టోకెన్.

ఇప్పుడు లెక్క చూడండి. చాలా డెనూవో గేముల్లో ఒక అకౌంట్‌కి 24 గంటల్లో ఐదు వేర్వేరు కంప్యూటర్ల వరకే అనుమతి. అమ్మేవాడికి రోజూ పదిమంది దొరికితే ఆరోవాడి నుంచి మర్నాటి దాకా ఎదురుచూపే. డబ్బు మాత్రం పదిమంది దగ్గరా ముందే తీసుకుని ఉంటాడు. అందరి తలకూ తలా ఒక గాటు పెట్టి కూర్చోబెట్టే తిరుపతి క్షవరం సామెత ఊరికే పుట్టలేదు.

టోకెన్ వచ్చాక కూడా అది ఎప్పుడు పోతుందో మీ చేతిలో ఉండదు. విండోస్ తిరిగి వేస్తే పోతుంది. ప్రాసెసర్ మారిస్తే పోతుంది. గేమ్‌కి అప్‌డేట్ పడి అసలు ప్రోగ్రామ్ ఫైల్ మారితే కొత్త టోకెన్ అడగొచ్చు. అప్పటికి అమ్మేవాడు పాస్‌వర్డ్ మార్చేసి ఉంటాడు, లేదా లాగిన్‌కి కావాల్సిన స్టీమ్ గార్డ్ కోడ్ (ఓటీపీ లాంటిది) అడిగితే మెసేజ్ చూసి కూడా పలకడు. అకౌంట్ అమ్మడం, అద్దెకివ్వడం స్టీమ్ నిబంధనలకే విరుద్ధం కాబట్టి కంపెనీకి ఫిర్యాదు చేసే దారీ లేదు. ఇంకొకటి చాలామంది గమనించరు. కొన్ని గేములు సేవ్ ఫైళ్లను (ఎక్కడిదాకా ఆడారో దాచేవి) అకౌంట్ నంబర్‌తో ముడిపెడతాయి. అరవై గంటలు ఆడి, మంచి బుద్ధి పుట్టి సొంతంగా కొన్నా ఆ సేవ్ తెరుచుకోకపోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గేమ్‌ది కాదు. “ఎనీడెస్క్ వేసుకోండి, మేమే పెట్టిస్తాం, డిఫెండర్ కాసేపు ఆపండి” అన్నాడంటే అక్కడే ఆగండి. ఎనీడెస్క్ అంటే మీ కంప్యూటర్‌ని దూరం నుంచి వేరేవాళ్లు నడిపే ప్రోగ్రామ్, డిఫెండర్ అంటే విండోస్‌లోని యాంటీవైరస్. బ్రౌజర్‌లో మీ పాస్‌వర్డులన్నీ ఉన్న ల్యాప్‌టాప్‌ని ముక్కూ మొహం తెలియనివాడి చేతికిస్తున్నారు. గుండు కొట్టించుకోవడానికి కొండమీద కళ్యాణకట్ట ఉంది కదా సామీ, యూపీఐలో ఎందుకు? ఇప్పటికే డబ్బు గానీ అకౌంట్ గానీ పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో అన్నదమ్ములు పంచుకోవాలంటే స్టీమ్‌లోనే స్టీమ్ ఫ్యామిలీస్ అనే సదుపాయం ఉంది. మీతో కలిపి ఆరుగురి దాకా ఒకే ఇంటివాళ్లు చేరొచ్చు. అన్ని గేములూ అందులో రావు, అది పబ్లిషర్ (గేమ్ విడుదల చేసే కంపెనీ) ఇష్టం. తమ్ముడు మోసం చేసి ఆడి దొరికిపోతే గేమ్ కొన్న అన్నకీ ఆ గేమ్‌లో నిషేధం పడుతుంది.

సొంత అకౌంట్‌లో, పూర్తి ధర కట్టి కొన్నవాళ్లకు ఇవేవీ లేవనుకుంటే పొరపాటు. అదే ఐదు కంప్యూటర్ల లెక్క వాళ్లకూ ఉంది. అప్‌గ్రేడ్ కోసం షాపులో ప్రాసెసర్లు మార్చి మార్చి మీ గేమ్‌తోనే టెస్ట్ చేస్తే ప్రతి ప్రాసెసర్ ఒక కొత్త కంప్యూటర్ కింద లెక్కపడుతుంది. లైనక్స్‌లోగానీ, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లోగానీ గేమ్ నడవలేదని ప్రోటాన్ (విండోస్ గేముల్ని లైనక్స్‌లో నడిపించే ప్రోగ్రామ్) వెర్షన్లు వరసగా మారిస్తే అక్కడా అంతే. ‘చాలా కంప్యూటర్లలో యాక్టివేట్ చేశారు’ అనే అర్థంలో ఎర్రర్ వస్తే గేమ్ తీసేసి మళ్లీ వేయకండి, లాభం లేదు. 24 గంటలు వదిలేయండి. షాపువాళ్లకు కూడా చెప్పండి, టెస్టింగ్‌కి తాళం లేని బెంచ్‌మార్క్ (వేగం కొలిచే) ప్రోగ్రాములు వాడమని.

2021 నవంబరులో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఇదే తాళం ఇంకో వేషం వేసింది. అందులోని చిన్న కోర్లను (ప్రాసెసర్ లోపల పనిచేసే భాగాలు) వేరే కంప్యూటర్ అనుకుని పదుల సంఖ్యలో గేములు మొరాయించాయి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) లెగసీ గేమ్ కంపాటిబిలిటీ మోడ్ ఆన్ చేసి, స్క్రోల్ లాక్ నొక్కి చిన్న కోర్లను పక్కన పెడితే నడిచాయి. తర్వాత అప్‌డేట్లతో సర్దుకుంది. ఎప్పుడో దించి పెట్టుకున్న పాత వెర్షన్ కొత్త ప్రాసెసర్ మీద పడిపోతుంటే ముందు ఇది అనుమానించండి.

వేగం సంగతి కూడా ఉంది. 2021లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్‌లో శత్రువుని కాల్చినప్పుడల్లా పీసీలో గేమ్ తడబడేది. క్రాక్ చేసిన (తాళం పగలగొట్టిన) కాపీ మాత్రం సాఫీగా నడిచింది. కాపీ రక్షణను సర్దుతూ ఆ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ ఆ జూలైలో ప్యాచ్ ఇచ్చింది, 2023లో డెనూవోనే తీసేసింది. కొన్నవాడికి తాళం, కొట్టేసినవాడికి తలుపులు బార్లా! ప్రతి డెనూవో గేమూ నెమ్మదని కాదు. కానీ కొన్నాళ్లకు తాళం తీసేసే కంపెనీలు చాలా ఉన్నాయి. డూమ్ అనే గేమ్ 2016 మేలో వస్తే అదే ఏడాది డిసెంబరులో తీసేశారు. ఆగగలిగితే ధర కూడా తగ్గుతుంది.

ఎప్పుడూ నెట్ ఉండాలనే గేములు మన ఊళ్లకు వేరే తలనొప్పి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, రౌటర్ ఆరిపోతుంది. ఒక్కరే ఆడే గేమ్ అయినా బయటికి తోసేస్తుంది. రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టండి. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టు యూపీఎస్ వోల్టుతో సరిగ్గా సరిపోవాలి, యాంపియర్ అంతకు తగ్గకూడదు. ఫైబర్ బాక్స్, రౌటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ సరఫరా కావాలి. ఒకదానికే పెట్టి ఫలితం లేదు. అయితే కంపెనీయే సర్వర్ ఆపేస్తే ఏ యూపీఎస్సూ కాపాడదు. 2014లో అమ్మిన ద క్రూ రేసింగ్ గేమ్ సర్వర్లను దాని కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న మూసేసింది. డిస్కు కొన్నోళ్ల దగ్గర ఇప్పుడు ప్లాస్టిక్ మిగిలింది.

పాత డిస్కులు చవగ్గా దొరికినా కొనకండి. సేఫ్‌డిస్క్ అనే పాతకాలపు కాపీ రక్షణ ఉన్న గేములు విండోస్ 10, 11లో తెరుచుకోవు. ఆ రక్షణ విండోస్‌లో వేసే డ్రైవర్‌లో భద్రతా లోపం ఉండటంతో మైక్రోసాఫ్ట్ 2015లో పాత విండోస్‌లలో కూడా దాన్ని ఆపేసింది. నెట్‌లో చెప్పే చిట్కాతో దాన్ని మళ్లీ లేపితే ఆ లోపాన్నీ లేపినట్టే. స్టీమ్ కోడ్‌తో వచ్చే డిస్కు అయితే మొదటివాడు కోడ్ వాడిన రోజే దాని పని అయిపోయింది.

కొనే ముందు స్టీమ్ పేజీలో కుడి పక్కన ‘థర్డ్ పార్టీ డీఆర్‌ఎం’ (బయటి కంపెనీ తాళం), ‘థర్డ్ పార్టీ అకౌంట్’ (వేరే కంపెనీ అకౌంట్ కావాలి) అని పెట్టెలు ఉన్నాయేమో చూడండి. రోజుకు ఎన్ని కంప్యూటర్లో కూడా అక్కడే రాసి ఉంటుంది. అదే గేమ్ తాళాలు లేకుండా అమ్మే జీఓజీ సైట్‌లో ఉంటే అక్కడ కొనడం మేలు. ఇన్‌స్టాలర్ హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు, తర్వాత ఎవరినీ అడగక్కర్లేదు.

స్టీమ్‌లోనే కొంటే రిఫండ్‌కి కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది రెండు గంటలు దాటకూడదు. గేమ్ కంటే ముందు కంపెనీ లాంచర్ (దాని సొంత ప్రోగ్రామ్) తెరుచుకుని లాగిన్ అడుగుతూ కూర్చున్న సమయమూ, గేమ్ తెరిచాక షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యే సమయమూ ఆ రెండు గంటల్లోనే పోతాయి. అందుకే లాంచర్ అకౌంట్ ముందే తెరిచి పెట్టుకోండి. మొదటిసారి నడిచాక ఆపేసి, స్టీమ్ మెనూలో గో ఆఫ్‌లైన్ నొక్కి, వైఫై తీసేసి మళ్లీ తెరవండి. తెరుచుకోకపోతే వెంటనే రిఫండ్ పెట్టండి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకునేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. 100 జీబీ గేమ్‌ని రోజుకు 1.5 జీబీ చొప్పున దించితే 67 రోజులు. రిఫండ్ గడువు 14 రోజులకే అయిపోతుంది. ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లే రోజు చూసుకుని, ఆ రోజే డబ్బు కట్టండి.