ఎనిమిది ఆదివారాల వడ్రంగం: కొత్తవాళ్ల శిక్షణ తరగతిపై ఒక సమీక్ష

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వేసవి సెలవుల్లో ఏదైనా చేతిపని నేర్చుకుంటానని పట్టుబట్టడంతో, హైదరాబాద్‌లో కొత్తవాళ్లకు వడ్రంగం నేర్పే ఒక చోట తనతోపాటు నేనూ చేరాను. ఎనిమిది ఆదివారాలు, ఉదయం పదింటి నుంచి ఒంటిగంట వరకు తరగతి ఉంటుంది. రుసుము మనిషికి 11,000 రూపాయలు. కర్ర వాళ్లే ఇస్తారు, పనిముట్లు అక్కడ వాడుకోవచ్చు గాని ఇంటికి ఇవ్వరు. పన్నెండేళ్లు దాటిన ఎవరినైనా చేర్చుకుంటారు. ఆఖరి రోజున ఎవరు చేసిన పీట వాళ్లు ఇంటికి పట్టుకెళ్లవచ్చని ప్రకటనలో రాశారు, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

మొదటి రెండు వారాలు మేము ఒక్క వస్తువూ చేయలేదు. ఉలి నూరడంతోనే సరిపోయింది. డబ్బు కట్టిన తల్లిదండ్రులు కొందరు దీనికి గొణుక్కున్నారు, రెండో ఆదివారం నాకూ కొంత విసుగు పుట్టిన మాట నిజం. కానీ ఈ తరగతిలో అన్నిటికంటే విలువైనవి ఆ ఆరు గంటలేనని ఇప్పుడు అనిపిస్తోంది. అక్కడ నేర్పేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రి. ఉలి వెనకభాగాన్ని సానరాయి మీద అద్దంలా చదును చేయించి, తర్వాత ఏటవాలు వైపును 25 నుంచి 30 డిగ్రీల కోణంలో పెట్టి, మణికట్టు కదలకుండా ఒంటిని మాత్రమే ముందుకూ వెనక్కూ ఊపుతూ రుద్దమన్నారు. అంచు మొత్తం మీద సన్నని ముల్లులాంటిది లేచిందో లేదో బొటనవేలితో అడ్డంగా తడిమి చూసుకోవాలి. అది లేచాక వెనకవైపు తిప్పి ఒకటి రెండుసార్లు రుద్ది తీసేయాలి. పదును కుదిరిందా లేదా అని ఆయన చూసే పద్ధతి వేరు. ఉలి అంచును గోటి మీద ఆనించి మెల్లగా జరుపుతారు, జారిపోతే పదును లేనట్టు, అక్కడే పట్టుకుని ఆగితే ఉన్నట్టు.

"మొండి ఉలికి బలం పెట్టాలె సారూ, బలం పెడితే జారుతది, జారితే చెయ్యి తెగుతది. పదునున్న ఉలి చెప్పినట్టు వింటది" అన్నారాయన. పైన్ ముక్క కొసన నారకు అడ్డంగా రెండు ఉలులతోనూ కోసి చూపించారు. మొండి ఉలి నారను చిదిపి పిండి చేసింది, నూరిన ఉలి కోసిన చోట నున్నగా మెరిసింది. మా అమ్మాయి ఆ రెండు ముక్కలనూ ఇప్పటికీ తన బల్ల సొరుగులో దాచుకుంది.

మూడో వారం, పలకను పొరలుగా గీకి నునుపు చేసే చిత్రిక చేతికిచ్చారు. పలక పక్కభాగం మీద నార గీతలు ఎటు పైకి లేస్తున్నాయో చూసుకుని అటే చిత్రిక పట్టాలనీ, ఎదురు పడితే కర్ర పెచ్చులుగా లేస్తుందనీ నోటితో చెప్పి వదిలేయకుండా, కావాలనే మాతో ఎదురు పట్టించి పలక పాడు చేయించారు. నాలుగో వారం రంపం. పెన్సిలు గీత లావుగా ఉంటుంది కనుక కత్తి మొనతో గీసుకోవాలని, ఆ గీతను ఉంచి పారేసే ముక్క వైపున కోయాలని నేర్పారు. మా అమ్మాయి రంపం ప్రతిసారీ ఎడమవైపుకు లాగేసేది. మేస్త్రి ఆమె పిడికిలి వైపు కాసేపు చూసి, "గట్టిగ పట్టకు బిడ్డా, పిట్టను పట్టినట్టు పట్టు, దాని బరువు దానికి చాలు" అన్నారు. నాలుగైదు కోతల్లోనే రంపం దారికొచ్చింది. తాతా, తాతా అంటూ ఆ పూటంతా ఆయన వెంటే తిరిగింది.

రెండు కర్రలను అతికేందుకు ఒకదాని కొసను నాలుకలా చెక్కితే అది కుసి, అది దూరడానికి రెండోదానిలో తవ్వే రంధ్రం బెజ్జం. వీటిని చేసే పాఠంలో 36 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పట్టెలు ఇచ్చారు. కుసి మందం పట్టె మందంలో మూడో వంతు ఉండాలన్నది లెక్క కాబట్టి, 12 మిల్లీమీటర్ల ఉలితో బెజ్జం తవ్వాలి. ఒకవైపు నుంచే చివరిదాకా తవ్వితే అవతలి పక్క పెచ్చు ఊడుతుందని, సగం లోతు ఇటు నుంచి, సగం అటు నుంచి తవ్వించారు. నా కుసి వదులుగా వచ్చింది. ఫెవికాల్ పోసి సరిపెడదామంటే మేస్త్రి ఒప్పుకోలేదు, కొత్త పట్టె చేతిలో పెట్టారు.

ఇక లోపాల సంగతికి వస్తాను. తరగతికి ఎనిమిది మందినే తీసుకుంటామని చెప్పి పదముగ్గురిని కూర్చోబెట్టారు. కర్ర బిగించుకునే వైస్‌లు ఆరే ఉన్నాయి. దానివల్ల ప్రతి ఆదివారం అరగంట, ముప్పావుగంట ఖాళీగా నిలబడాల్సి వచ్చింది. బల్లలన్నీ పెద్దవాళ్ల ఎత్తుకే ఉన్నాయి, పన్నెండేళ్ల పిల్లాడొకడు భుజాలు చెవుల దాకా ఎత్తి చిత్రిక పట్టడం చూస్తే జాలేసింది. కాళ్ల కింద వేసుకోవడానికి రెండు చెక్క మెట్లు కొట్టించడం వడ్రంగం నేర్పేవాళ్లకు ఎంత పని? అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. అదే హాల్లో ఓ మూల, తరగతి జరుగుతుండగానే, వాళ్ల ఆర్డర్ల పని కోసం కరెంటు కోత యంత్రాన్ని నడిపించారు, పైగా దాని చక్రానికి ఉండాల్సిన కవచం తీసి పక్కన పెట్టారు. పిల్లలను ఆ యంత్రం దగ్గరికి రానివ్వలేదు, నిజమే. కానీ ఆ రొదలో మేస్త్రి మాట వినబడలేదు, గాలినిండా రంపపు పొట్టు, మాస్కులు అడిగితేనే ఇచ్చారు. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక, ఆరో వారం నుంచి తరగతి వేళల్లో యంత్రం ఆపారు.

నిర్వాహకుడు డిజైన్ చదువుకున్న యువకుడు, మంచి ఉత్సాహవంతుడు. మొదటి రోజు తెర మీద బొమ్మలు చూపిస్తూ, 19వ శతాబ్దం చివరలో స్వీడన్‌లో ఓట్టో సాలొమన్ అనే ఆయన బడిపిల్లలకు కొయ్యపని నేర్పిన పద్ధతి గురించి చెప్పారు. చిన్న పుల్ల చెక్కడంతో మొదలుపెట్టి, ప్రతి వస్తువూ ఇంట్లో వాడుకునేదే అయ్యేలా, ముందరి దానికంటే ఒక్క మెట్టు మాత్రమే కష్టంగా ఉండేలా వరుస కట్టడం ఆ పద్ధతి. విన్నప్పుడు బాగుంది, కాని ఈ తరగతిలో ఆ వరుసే లేదు. కుసి, బెజ్జం పాఠం అవగానే సరాసరి పీట మీదకు దూకేశారు. మధ్యలో ఒక గరిటో, కవ్వమో, మూత ఉన్న చిన్న పెట్టో చేయించి ఉంటే చివరి రెండు వారాల్లో అంత తొక్కిసలాట ఉండేది కాదు. కర్ర విషయంలోనూ ఒక మాట. ఇచ్చిన పైన్ పలకల నిండా ముడులే. కొండపల్లి, నిర్మల్ బొమ్మల వాళ్లు వాడే పొణికి, ఏటికొప్పాక వాళ్ల అంకుడు కర్ర చెక్కడానికి ఎంత అనువుగా ఉంటాయో మేస్త్రి చెబుతూనే ఉన్నారు. చిన్న ముక్కలైనా తెప్పించి పిల్లల చేతికి ఇవ్వాల్సింది.

మాకిచ్చిన పుస్తకమంతా ఇంగ్లిషులో ఉంది. ఉలి, బాడిస, చిత్రిక, మూలమట్టం, కుసి అన్న మాటలు మేస్త్రి నోటే తప్ప ఎక్కడా కనబడవు. ఆఖరి రోజు ఇచ్చిన యోగ్యతాపత్రం మీద శిక్షకుడిగా నిర్వాహకుడి పేరొక్కటే ఉంది. ప్రకటనలో మేస్త్రిని 'సహాయకుడు' అన్నారు. ఎనిమిది వారాల్లో నా చేతికి వచ్చిన పనిలో ముప్పావు వంతు ఆయన దగ్గర నేర్చుకున్నదే కాబట్టి, ఈ పద్ధతి నాకు నచ్చలేదని వాళ్ల ముందే చెప్పాను.

ఇంతకంటే లోతుగా నేర్చుకోవాలంటే ఐటీఐలో ఏడాది కార్పెంటర్ కోర్సు ఉంది, ఎనిమిదో తరగతి పాసైనవారు చేరవచ్చు, అయితే అది పూర్తికాలపు చదువు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు గాని, అది 18 ఏళ్లు నిండి ఇప్పటికే వృత్తిలో ఉన్నవారి కోసం. బడికి వెళ్లే పిల్లలకు, ఉద్యోగం చేసుకునే నాలాంటివారికి ఈ రెండూ పనికిరావు. అందుకే ఇన్ని లోపాలు చెప్పి కూడా ఈ తరగతిలో చేరమనే అంటాను. చేరేవాళ్లు ముందుగా ఎంతమంది ఉంటారో, వైస్‌లు ఎన్ని ఉన్నాయో అడగండి, పిల్లలు పొట్టిగా ఉంటే బల్ల ఎత్తు ఒకసారి వెళ్లి చూసుకోండి.

మా పీట కాలు ఒకటి బియ్యపు గింజంత పొట్టి. మా అమ్మ దాని మీద కూర్చుని కత్తిపీటతో బెండకాయలు తరుగుతుంటే టకటకమంటుంది. సరిచేస్తానంటే మా అమ్మాయి ముట్టుకోనివ్వడం లేదు, ఈ తరగతి రెండో దశలో తనే సరిచేస్తుందట. దానికి డబ్బు కట్టేశాం, మేస్త్రి బల్ల దగ్గరే చోటు కావాలని రాయించుకున్న తర్వాతే.